అన్న పక్కన చోటు

ఆదివారం సాయంత్రం అబూధాబీలోని మా చర్చిలో పూజ అయిపోయాక, ప్రకటనల వేళ, విచారణ గురువులు ఆ కబురు చెప్పారు. మన మధ్య చాలా ఏళ్ళు ఉండి వెళ్ళిన పెద్ద బిషప్ గారు తమ స్వదేశంలో, తమ సభ వారి వృద్ధాశ్రమంలో ప్రశాంతంగా కన్నుమూశారని, అక్కడి సమాధుల తోటలోనే వారిని భూస్థాపన చేశారని, వారి ఆత్మశాంతి కోసం ప్రార్థించమని అన్నారు. ఆ వెంటనే పార్కింగ్ గురించి ఒక మాట, పిల్లల జ్ఞానోపదేశం వేళ మారిందని ఒక మాట చెప్పారు. అందరూ సిలువ గుర్తు వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను. కానీ నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు. ఆయన్ని ఎక్కడ పెట్టారన్నదే నా చెవిలో గింగురుమంది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. చెప్పుకోవడానికి ఆయన దగ్గర మంచి బోలెడంత ఉంది. కానీ కడుపులో ఉన్నది కడుపులో పెట్టుకుని పైపైన పొగిడితే ఆయనే ఒప్పుకోరు. సమాధి దగ్గర అబద్ధం ఆడితే నోట్లో ఇసుక పడుతుందని ఆయనే అనేవారు. అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఈయన మాట ఇచ్చి తప్పారు. నాకిచ్చిన మాట అయితే ఏదో ఒక రకంగా సర్దుకుపోయేవాణ్ణి. మా వదినకి ఇచ్చిన మాట అది.

ఆయన్ని ఎరగని వారికి ఆయన కథ కొంచెం చెప్పాలి. యూరప్‌లో మంచుకొండల దేశంలో, పాలు పోసుకునే ఇంట్లో పుట్టారు. గురుపట్టం అందుకున్న మరుసటి ఏడాదే ఓడెక్కి ఆఫ్రికా తూర్పు తీరంలోని ఒక వలస రాజ్యానికి వెళ్ళారు. అప్పటికి అక్కడ తెల్లవాళ్ళ పాలన. చర్చిలో అడ్డంగా ఒక తాడు కట్టి ఉండేదట. తాడుకి ముందు తెల్లవాళ్ళ బల్లలు, వెనక ఆ దేశం వాళ్ళు నేలమీద. ఈయన వెళ్ళిన తొలి పాస్క పండుగనాడు, అంటే ఈస్టర్ నాడు, ఆ తాడు విప్పేసి, దాన్ని తీసుకెళ్ళి చర్చి గంటకి కట్టారట. గవర్నరు భార్య పూజ మధ్యలో లేచి వెళ్ళిపోయిందట. ఆమె తలుపు దాకా నడిచేవరకూ ఆగాననీ, ఆ తర్వాతే పూజ మొదలుపెట్టాననీ, తొందరేముందనీ చెప్పి నవ్వేవారు. ఆ ప్రాంతంలో తొలి బడి, తొలి కాన్పుల ఆసుపత్రి, ఆ దేశం పిల్లల్లోంచి తొలి గురువులు, అన్నీ ఆయన చేతిమీదే జరిగాయి. చిన్న వయసులోనే బిషప్ అయ్యారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి తెల్లవాళ్ళందరూ పెట్టెలు సర్దుకుంటుంటే ఈయన మాత్రం కదల్లేదు. చాలా ఏళ్ళ తర్వాత, తాను పెంచిన ఆ దేశపు గురువుకే పీఠం అప్పగించి పదవి దిగారు. ఖాళీగా కూర్చోలేని మనిషి. ఈ ఎడారి దేశంలో గురువులు తక్కువున్నారని విని, ఒక మామూలు గురువులా మా దగ్గరికి వచ్చి చేరారు.

ఇదంతా ఒక్కసారిగా చెప్పింది కాదు. నా వ్యాను ముందు సీట్లో కూర్చుని, అబూధాబీకీ బనియాస్‌కీ మధ్య, ముక్కలు ముక్కలుగా చెప్పారు. నేను కంపెనీ వ్యాను నడుపుతాను. పొద్దున లేబర్‌ని సైటు దగ్గర దింపడం, సాయంత్రం క్యాంపుకి చేర్చడం. సెలవు రోజున మా ముదీర్, అంటే మేనేజరు, దయతలిచి వ్యాను ఇస్తే చర్చి పనులకి తిప్పేవాణ్ణి.

మొదటిసారి ఆయన్ని చూసింది చర్చి బయట, ఎండలో. తెల్ల చొక్కా జేబులోంచి పూజ పట్టీ కొస వేలాడుతోంది. కాళ్ళకి క్యాన్వాసు బూట్లు. పూజ అయ్యి బయటికొస్తున్న మగవాళ్ళకి ఎదురెళ్ళి తనకొచ్చిన హిందీలో అడుగుతున్నారు. ఒక మనిషిని పూడ్చాలి, తన వాళ్ళెవరూ ఇక్కడ లేరు, ఆరుగురు కావాలి. ఏ దేశమైనా ఫరవాలేదు, ఏ మతమైనా ఫరవాలేదు, నడుము గట్టిగా ఉంటే చాలు. నా వైపు తిరిగి, నీకు వ్యాను కూడా ఉందా అని అడిగారు. ఉందన్నాను. అంతే, దొరికిపోయాను. అక్కడినుంచి ఇన్నేళ్ళు ఆయన వదల్లేదు.

బనియాస్ దాటాక శ్మశానంలో మా వాళ్ళకి ఒక భాగం ఉంది. గోడ, గేటు, ఇసుక, వరసల్లో చిన్న చిన్న సిలువలు. చెట్టు నీడ అడక్కండి. ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. పూజ మాటలన్నీ అయ్యాక, మట్టి వేసే ముందు, ఆ పోయిన మనిషిది ఏ ఊరో అడిగేవారు. జిల్లా, రాష్ట్రం కాదు, సొంత ఊరు. తెలిసినవాళ్ళు లేకపోతే వ్యానులోంచే క్యాంపుకి ఫోన్ చేయించి కనుక్కునేవారు. అప్పుడు గుంట అంచున వంగి ఆ ఊరి పేరు గట్టిగా పిలిచేవారు. మనిషి పేరు కాదు, ఊరి పేరు. ఎందుకండీ అంటే, దేవుడికి పేరు తెలుసు, ఈ ఇసుకకి మాత్రం ఊరు తెలియదు, చెప్పాలి కదా అనేవారు. కేరళ ఊళ్ళు, ఫిలిప్పీన్స్ దీవులు, గోవా వాడలు, మా గుంటూరు జిల్లా పల్లెలు, అన్నీ ఆయన నోట్లో పడి వంకర్లు తిరిగేవి. ఎవరూ నవ్వేవారు కాదు.

ఆ తర్వాత మోసిన ఆరుగుర్నీ వెంటేసుకుని దారిలో చాయ్ దుకాణం ముందు ఆపించేవారు. పరాటా, కరక్ చాయ్. మనిషిని మోసిన చెయ్యి ఖాళీ కడుపుతో ఇంటికి పోకూడదు అనేది ఆయన మాట. ముస్లిం సోదరుడు, హిందూ సోదరుడు, మేము, అందరం కాగితం ప్లేట్లు పట్టుకుని వ్యానుకి ఆనుకుని తినేవాళ్ళం. ఆయన మాత్రం ముందు బూట్లు విప్పి, ఇసుక దులిపి, మళ్ళీ తొడుక్కున్నాకే పరాటా ముట్టేవారు. జూలై ఎండలో కూడా వ్యానులో ఏసీ వెయ్యనిచ్చేవారు కాదు. కిటికీ దించుకుని మొహానికి వేడిగాలి కొట్టించుకునేవారు. ఏసీ వేసినందుకు ఎవరూ నరకానికి పోరు బిషప్ గారూ అంటే, అది ఇంకా తేలలేదు అనేవారు.

మా దగ్గర తెలుగు నేర్చుకున్నారు. నేర్చుకున్న తొలి మాట తమ్ముడూ. అది ఆయనకి ఎంత నచ్చిందంటే అందర్నీ అలాగే పిలిచేవారు. ఒకసారి ఫోన్లో మా ఆవిడని కూడా తమ్ముడూ అని పలకరించారు. ఆవిడ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది. ఆ తర్వాత అమ్మా అనడం నేర్పించాను. నేర్పించకపోయినా బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ మాటతోనే కదా మా వదిన నమ్మింది.

ఇక మా అన్న సంగతి. మా ఊళ్ళో అబూధాబీ కూడా దుబాయే, ఆ దుబాయ్ ముందొచ్చింది అన్న. ఆ తర్వాత తన కంపెనీలోనే నాకు వీసా తీయించాడు. తనది కంబీలు కట్టే పని. నాకన్నా బలమైనవాడు, నాకన్నా మాటకారి. కానీ ఒక బలహీనత ఉండేది. ఒక్కడే పడుకోలేడు. చిన్నప్పుడు నులక మంచం మీద నా భుజం మీద చెయ్యేసుకుని పడుకునేవాడు. పెళ్ళయ్యాక వదిన రెండు రోజులు పుట్టింటికి వెళ్ళినా అమ్మ మంచం పక్కకి చేరేవాడు. క్యాంపులో నా మంచం కిందే తన మంచం వేయించుకున్నాడు. గదిలో మిగతావాళ్ళు సెలవు మీద ఊరెళ్తే లైటు ఆర్పనిచ్చేవాడు కాదు. ఆరడుగుల మనిషిని ఈ విషయంలో మేం ఎంత ఏడిపించామో లెక్కలేదు.

కరోనా ఏడాది వేసవిలో, డ్యూటీకి వెళ్ళేముందు స్నానానికి పోయినవాడు బయటికి రాలేదు. గుండె ఆగిపోయిందన్నారు. పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. అదే మాకు చిక్కు తెచ్చింది. కరోనా అయితే ఇక్కడే పూడ్చాలి, ఇక వేరే మాటే లేదు. కాదు కాబట్టి ఊరికి పంపించుకునే దారి ఉంది. కానీ విమానాల్లేవు. శవాలు తీసుకెళ్ళే సరుకుల విమానాలు ఒకటీ అరా కదులుతున్నాయి. మన వంతు రెండు వారాల్లో రావచ్చు, నెల పట్టచ్చు, ఎవరూ ఖాయంగా చెప్పలేదు. ముదీర్ మంచివాడే, ఎట్లా అయినా సరే నీ ఇష్టం అన్నాడు. ఊళ్ళో వదిన మాత్రం ఒకటే పట్టు. ఎన్ని రోజులైనా ఆగుతాను, నా మనిషిని నాకు పంపండి అంది.

నేను బిషప్ గారి దగ్గరికి వెళ్ళాను. ఇక్కడే పెట్టేద్దాం తమ్ముడూ అని సలహా ఇచ్చింది ఆయనే. మంచుపెట్టెలో నెల రోజులు ఉంచి, ఆ తర్వాత ఏ స్థితిలో చేరతాడో తెలియక, చూసి ఆమె ఇంకా కుమిలిపోవడం ఎందుకన్నారు. ఆ మాట తప్పని ఇప్పటికీ అనను. వదినతో నేను చెప్పలేనన్నాను. నేను చెప్తాను, ఫోన్ కలుపు అన్నారు.

వీడియోలో వదిన మొహం కనపడగానే ఆయన మాస్కు తీసేశారు. ఆయన ఇంగ్లీషులో చెప్పడం, నేను తెలుగులో చెప్పడం. దేవుడి నేల ఎక్కడైనా ఒకటే అన్నారు. వదిన తల ఊపలేదు. పునరుత్థానం గురించి చెప్పారు. అదీ ఆమెకి ఎక్కలేదు.

"ఒక్కడే పడుకోలేడు నాయనా ఆయన," అంది వదిన నాతో. "పక్కన మనిషి లేకపోతే లైటేసుకుంటాడు. ఆ ఇసకలో ఎట్టా పడుకుంటాడు? ఆయనకి చెప్పు ఈ మాట."

చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. తెరిచి, నాకు అవకాశం ఇవ్వకుండా, తనకొచ్చిన తెలుగులోనే మాట్లాడారు.

"అమ్మా. నేను ముసలి. ఎక్కువ రోజులు లేను. నీ భర్త పక్కన నేను పడుకుంటాను."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన్నే చూస్తోంది. "మాటేనా?" అంది.

మెడలో సిలువ తీసి ముద్దు పెట్టుకున్నారు. "మాటే," అన్నారు.

"అయితే ఆడే ఉంచెయ్యండి," అంది వదిన.

ఆ రోజు గేటులోపలికి కొంతమందినే రానిచ్చారు. దూరం దూరంగా నిలబడ్డాం. మా ఊరి పేరులో ఉన్న అక్షరాలు ఆయన నాలుకకి లొంగవు. అయినా మూడుసార్లు పిలిచారు. మట్టి పడ్డాక, అన్నది వరసలో చివరి సమాధి, దాని పక్కన గోడ దాకా ఒక్క మనిషికి సరిపడా ఖాళీ మిగిలింది. ఆయన అందులోకి వెళ్ళి నిలబడి, రెండు చేతులూ చాపి చూసుకుని, సరిపోతాను అన్నారు. శ్మశానం కాపలా చూసే చాచాని పిలిచి, ఇది నాది, ఎవరికీ ఇవ్వకు అని చెప్పారు. బంగ్లాదేశ్‌లో సిల్హెట్ వైపు మనిషి చాచా. అన్ని మతాల సమాధులూ చూసి చూసి అరిగిపోయినవాడు. సరే పెద్దాయనా అని, తర్వాతి గుంట నుంచి కొత్త వరస మొదలుపెట్టాడు.

ఊళ్ళో వదిన ఆ మాట మీదే నిలబడింది. నవంబరులో సమాధుల పండక్కి మా వాళ్ళంతా శ్మశానానికి పోయి, సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. వదినకి వెలిగించడానికి సమాధి లేదు. అమ్మ సమాధి పక్కన ఉత్తి సిలువ ఒకటి పాతి దానిమీద అన్న పేరు రాయిద్దామని చుట్టాలు అన్నారు. ఒప్పుకోలేదు. నా మొగుడు ఆడ అనాథగా లేడు, ఈడ ఉత్తి పేరెందుకు అంది. దిక్కులేని చోట పూడ్చారంటగా అని ఎవరో ఆడవాళ్ళు సానుభూతిగా అంటే, ఆయన పక్కన బిషప్పే పడుకుంటాడు, మీ మొగుళ్ళ పక్కన ఎవరు పడుకుంటారో చూసుకోండి అందట. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తినవాళ్ళు లేరు.

సమాధుల పండుగనాడు నేను వీడియో కలిపి చూపించాలి. అన్న సమాధి మీద కొవ్వొత్తి వెలిగించాక, పక్కన ఖాళీ చోటులో కూడా ఒకటి వెలిగించమంటుంది. బతికున్న మనిషికి కొవ్వొత్తి ఏంటి వదినా, అపచారం కదా అంటే వినదు. ఆయన చోటు బోసిగా ఉంటే మీ అన్నకి గుబులు అంటుంది. బిషప్ గారు పక్కనే ఉండి నవ్వారు. "వెలిగించు తమ్ముడూ, అలవాటవుతుంది," అన్నారు. కొవ్వొత్తి వెలిగించాను. తన చోటులో వెలుగుతున్న దాన్ని ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తూ నిలబడ్డారు. అలా ప్రతి ఏడూ జరిగింది. లోకంలో బతికున్న మనిషికి సమాధుల పండుగ చేసినవాళ్ళం మేమే అయ్యుంటాం.

ఆ తర్వాత ఒక చలికాలం తుంటి ఎముక ఆపరేషన్ కోసం ఊరెళ్తున్నానన్నారు. ఈస్టర్ ముందొచ్చే తపస్కాలానికి తిరిగొచ్చేస్తానన్నారు. విమానాశ్రయానికి తీసుకెళ్ళింది నేనే. ఒక చిన్న సంచి. దాన్ని కూడా నన్ను మొయ్యనివ్వలేదు. దారిలో ఆ రోజు ఏసీ వెయ్యమన్నారు. ఇంత చలిలో ఎందుకండీ అంటే, ఊరికే, ఒకసారి చూద్దామని అన్నారు. లోపలికి పోయేముందు నా నుదుటి మీద బొటనవేలితో సిలువ వేశారు. చాలాసేపు వేశారు.

తపస్కాలం వచ్చింది, పాస్క పండుగ కూడా పోయింది. ఏమైందని చర్చి ఆఫీసులో అడిగితే, అక్కడ పనిచేసే మలయాళీ సోదరుడు నావంక వింతగా చూశాడు. వీసా క్యాన్సిల్ చేసుకునే వెళ్ళారు కదా భాయ్, ఖలాస్, నీకు తెలియదా అన్నాడు.

దుబాయ్‌లో బతికినవాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. సెలవు మీద పోయేవాడు వేరు, క్యాన్సిల్ మీద పోయేవాడు వేరు. సెలవు మీద పోయేవాడు మంచం కింద పెట్టె వదిలిపెట్టి పోతాడు. క్యాన్సిల్ మీద పోయేవాడు దుప్పటి కూడా ఎవరికో ఇచ్చేసి పోతాడు. అప్పుడు నాకు ఒకటొకటీ తట్టాయి. వెళ్ళే ముందు వారం తన చాయ్ ఫ్లాస్కు నాకిచ్చారు. గొడుగు ఆఫీసు పిల్లకిచ్చారు. క్యాన్వాసు బూట్లు చాచాకిచ్చారు. బరువెక్కువైంది తమ్ముడూ, ఎవరు మోస్తారు అన్నారు. ఇన్నేళ్ళు ఎంతమందిని క్యాన్సిల్ మీద విమానాశ్రయంలో దింపానో, ఆ గుర్తులన్నీ నాకు కంఠతా వచ్చు. ఈయన విషయంలో ఒక్కటీ కనిపెట్టలేదు. బిషప్పుని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

ఆయన ఆశ్రమానికి ఫోన్లు చేశాను. కన్యాస్త్రీలు తీసి, విశ్రాంతిలో ఉన్నారనేవాళ్ళు. ఒకసారి పట్టుబడితే ఆయనకిచ్చారు. గొంతు సన్నబడింది. ఇక్కడ మంచు పడుతోంది తమ్ముడూ అన్నారు. మీ ఆవిడ ఎలా ఉంది, వ్యాను ఎలా ఉంది అని అడిగారు. నేను అవేవీ వినే స్థితిలో లేను.

"ఎప్పుడొస్తారు?" అన్నాను.

"మా అమ్మ సమాధి ఇక్కడుంది," అన్నారు.

"మీరు మా వదినకి మాటిచ్చారు."

"ఇచ్చాను," అన్నారు. "ఆ రోజు అది నిజం తమ్ముడూ."

ఫోన్ పెట్టేశాను. ముసలి మనిషి, జబ్బు మనిషి, అయినా పెట్టేశాను. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. మోసం చేద్దామని చేసినవాణ్ణి తిట్టుకుని ఊరుకోవచ్చు. మనస్ఫూర్తిగా మాటిచ్చి, మనస్ఫూర్తిగా తప్పినవాణ్ణి ఏం చెయ్యాలి? ఆయనకి అమ్మ సమాధి ఉంది. సరే. మా అన్నకి మాత్రం అమ్మ సమాధి లేదా? ఆ సమాధి పక్కన చోటు వదిలేసుకుని ఇక్కడ పడుకున్నది ఈయన మాట మీదే కదా.

వదినకి ఈ సంగతి చెప్పలేదు. వైద్యం జరుగుతోందన్నాను. ఆ ఏడు సమాధుల పండక్కి కూడా ఖాళీ చోటులో కొవ్వొత్తి వెలిగించమంది. వెలిగించాను. బిషప్ గారు కోలుకోవాలని ఊళ్ళో జపమాల చెప్పిస్తున్నానంది.

ఆయన ఆత్మశాంతి కోసం పెట్టిన పూజకి జనం బాగానే వచ్చారు. అన్ని భాషల వాళ్ళూ వచ్చి ఆయన గురించి తలా ఒక మాట చెప్పారు. అన్నీ నిజాలే. పూజ అయ్యాక బయట ఒక వాచ్‌మన్ నన్ను పలకరించాడు. ఏదో మాల్‌లో పని, డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. తనది బిషప్ గారు మొదట పనిచేసిన దేశమేనని, సరిగ్గా ఆ పట్నమేనని చెప్పాడు. ఆయన మనుషుల్ని పూడ్చిన కబుర్లు చెప్పుకుంటుంటే, నేను ఉండబట్టలేక అన్న పక్కన చోటు సంగతి చెప్పేశాను. అతను పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

మా ఊళ్ళో కూడా ఆయన గుంట ఉంది అన్నాడు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు తెల్లవాళ్ళంతా పోతుంటే ఊరివాళ్ళు భయపడ్డారట, ఈయనా పోతాడేమోనని. అప్పుడు ఈయన చర్చి వెనక తన సమాధి తానే తవ్వుకుని, ఇటుకలు పేర్చి, నేను ఇందులోకే పోతాను, ఎటూ పోను అని అందరిముందూ చెప్పారట. ఊరు ఊపిరి పీల్చుకుందట. వాళ్ళ నానమ్మ చనిపోయేదాకా ప్రతి శనివారం ఆ గుంట ఊడ్చిందట. వానాకాలం నీళ్ళు తోడిపోసేదట. ఇప్పుడు అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయని చెప్పాడు.

నాకూ నవ్వొచ్చింది. అలాంటి నవ్వు మళ్ళీ రాకూడదు. ఇద్దరం చర్చి గోడకి ఆనుకుని నవ్వాం. ఒక మనిషికి ఎన్ని గుంటలు? అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి, చివరికి మూడోదాంట్లో పడుకున్నారు. ఆ వాచ్‌మన్ పుట్టింది ఈయన కట్టిన కాన్పుల ఆసుపత్రిలో, చదివింది ఈయన పెట్టిన బడిలో. ఆయన లేకపోతే నేను మేకలు కాసుకునేవాణ్ణి అన్నాడు. మరి కోపం లేదా అంటే, ఉంది, ఎందుకు లేదు, నానమ్మ తరఫున ఉంది అన్నాడు. అతనితో చాయ్ తాగాను. పరాటా కూడా తిన్నాం, ఎవర్నీ మొయ్యకపోయినా.

నా ఉద్దేశం ఇప్పుడు ఇదీ. ఆయన వెళ్ళిన ప్రతిచోటా జనం భయపడి ఉన్న వేళ వచ్చింది. ఆ భయం చూసి ఊరుకోలేని మనిషి. చేతిలో ఏదుంటే అది ఇచ్చేసేవారు. ఏమీ లేనప్పుడు తన చావు ఇచ్చేశారు. ఇచ్చినవాడికి అది ఒక్కటే ఉంటుందని, ఇద్దరికి ఇవ్వడం కుదరదని ఆలోచించలేదు. దిక్కులేని మనుషుల్ని ఎంతమందినో ఊరు పేరు పెట్టి పిలిచి మరీ ఆ ఇసుకకి అప్పగించారు. దానికి ఆయనకి దణ్ణం పెడతాను. మా వదిన విషయంలో మాత్రం క్షమించలేదు. ఈ రెండూ నాలో ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉన్నాయి. రాస్తే ఒకటి తగ్గుతుందేమో అనుకున్నాను, తగ్గలేదు.

వదినకి చెప్పాల్సిన రోజు రానే వచ్చింది. ఇంకొకరి నోట వినకముందే నేనే చెప్పాలి. అందుకే పోయిన సెలవు రోజు సాయంత్రం బనియాస్ వెళ్ళాను. నా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. కంపెనీ నన్ను పంపించేస్తోంది. వయసు దాటింది, కొత్త కుర్రాళ్ళని తెచ్చుకుంటున్నారు. వచ్చే నెల నా వీసా క్యాన్సిల్. మా ఆవిడకి చెప్పాను. ఆవిడ ఇంటికి రంగులు వేయిస్తోంది. వదిన చెవిన మాత్రం వెయ్యొద్దన్నాను.

చాచా గేటు తీశాడు. కాళ్ళకి ఆ క్యాన్వాసు బూట్లే. గోడ పక్క చోటు ఇంకా ఎన్నాళ్ళు ఆపాలి, పైవాళ్ళు అడుగుతున్నారు అన్నాడు. చెప్తాను ఆగమని, అన్న దగ్గరికి వెళ్ళి ఫోన్ కలిపాను.

దాచకుండా అంతా చెప్పాను. ఆయన పోయారని, వాళ్ళమ్మ సమాధి ఉన్న ఆయన దేశంలోనే పూడ్చారని, ఇక రారని. వెళ్ళేటప్పుడే తిరిగి రానని తెలిసి వెళ్ళారని కూడా చెప్పాను. వదిన ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే నాకు హాయిగా ఉండేది.

"వాళ్ళమ్మ దగ్గరికి పోయాడా?" అంది.

"అవునంట."

"పోనీలే. ముసలి ప్రాణం, ఎంతకని ఆగుద్ది," అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వుండావుగా ఆడ."

వచ్చే నెల క్యాన్సిలన్న మాట నోటిదాకా వచ్చింది. నెట్ సరిగ్గా లేదనుకుందో ఏమో, మళ్ళీ అడిగింది.

"ఇనపడతందా అబ్బాయ్? నువ్వుండావుగా?"

"ఉన్నాను వదినా," అన్నాను.

"ఆ చోటు ఏదీ, చూపించు."

ఫోన్ తిప్పాను. అన్న సమాధి, సిలువ, దాని పక్కన ఇసుక, ఆ వెనక గోడ. సరిగ్గా కనపడటం లేదంది. ఇంకొంచెం ముందుకి జరిగాను. ఇంకొంచెం అంది. జరిగి జరిగి చూసుకుంటే, గోడకీ అన్నకీ మధ్య ఆ ఖాళీలోనే నిలబడి ఉన్నాను.

"ఆఁ, కనపడుతున్నావు," అంది వదిన. "అట్టానే ఉండు కాసేపు."

దూరంగా చాచా గేటు వేసే వేళయిందని తాళాలు ఆడించాడు. ఫోన్ ఎత్తి పట్టుకున్న చెయ్యి లాగేస్తోంది. దించలేదు. అన్న పక్కన, కాళ్ళు మడమల దాకా ఇసుకలో దిగబడి, అలాగే నిలబడి ఉన్నాను.